లోపం కనపడలేదు

కారు ఆగిపోతోందని మా ఆవిడ నాకు మొదటిసారి చెప్పింది ఫిబ్రవరి చివర్లో. నేను అన్నం తింటూ విన్నాను. ఉప్పల్ నుంచి వస్తుంటే నాచారం చౌరస్తాకి కొంచెం ఇవతల నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి చచ్చిపోయిందట. తాళం ఎన్నిసార్లు తిప్పినా అందుకోలేదట. చేసేదేం లేక పది నిమిషాలు లోపలే కూర్చుంటే, తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయిందట. క్లచ్ పూర్తిగా తొక్కావా అని అడిగాను. తొక్కానంది. సరే, ఈసారి గమనించి చూడు అని, పప్పులో ఇంకో గరిటె నెయ్యి వేసుకున్నాను.

ఆ కారు మేం కొన్నప్పుడే పాతది. ఇప్పటికి పద్నాలుగేళ్ల చిన్న పెట్రోలు బండి. నేను ఆఫీసుకి మా సంస్థ బస్సులో పోయి వస్తాను కనుక దాన్ని నడిపేది ఎక్కువగా తనే. వారానికి రెండుసార్లు దమ్మాయిగూడలో తల్లి దగ్గరికి వెళ్ళేది. నెలకో రెండు నెలలకో బోడుప్పల్‌లో, పెద్దమ్మ కూతురైన అక్కగారింటికి. డ్రైవింగు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. నేర్చుకుంటానన్నప్పుడు నేను నవ్వాను. అప్పటికి నాలుగేళ్లయి, ఒక్క గీత కూడా పడకుండా బండి నడుపుతున్నా, నా మనసులో తను ఇంకా ఎల్ బోర్డు డ్రైవరే.

మార్చిలో రెండోసారి చెప్పింది. రెండు వారాలకి మూడోసారి. మూడోసారి చెప్పినప్పుడు గొంతులో విసుగు వినపడింది. ఆ ఆదివారం పొద్దున్న ఆరింటికే లేచి నేనే బండి తీశాను. మల్లాపూర్ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ ఒక చుట్టు కొట్టాను. రోడ్డు ఖాళీగా ఉంది, గాలి చల్లగా ఉంది, ఇంజను గడియారంలా తిరిగింది. ఇంటికొచ్చి, కాఫీ అందిస్తున్న తనతో, మా ఆఫీసు రిపోర్టుల్లో రాసే మాట అన్నాను: "లోపం కనపడలేదు." నవ్వుతూనే అన్నాను. తను నవ్వలేదు.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. ప్రభుత్వ రంగంలో ఒక ప్రయోగశాలలో నేను ముప్పై ఏళ్లుగా పరికరాల పరీక్ష విభాగంలో ఉన్నాను. వేరే యూనిట్లలో వాడే మీటర్లు, గేజీలు మా దగ్గరికి వస్తాయి. సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తేల్చి పంపడం మా పని. "అప్పుడప్పుడు పాడవుతోంది" అని చీటీ అంటించి పంపిన పరికరాన్ని మేం అంత తేలిగ్గా వదిలేవాళ్ళం కాదు. వేడిలో పెట్టేవాళ్ళం, చలిలో పెట్టేవాళ్ళం, రెండు రోజులు ఆపకుండా నడిపేవాళ్ళం. దాన్ని వాడిన ఆపరేటరుని ఫోన్లో పిలిచి ఎప్పుడు, ఎంతసేపటికి, ఆ సమయంలో పక్కన ఇంకేం నడుస్తోంది అని అరగంట అడిగేవాళ్ళం. ఎక్కడో నాలుగొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ముక్కూ మొహం తెలియని ఆపరేటరు మాట నేను రాసుకునేవాణ్ణి. ఇంట్లో మనిషి మూడుసార్లు చెబితే, చల్లటి పూట పావుగంట బండి తిప్పి తీర్పు చెప్పేశాను.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం తల్లితో ఉండే మా బావమరిది మా ఆవిడకి ఫోన్ చేశాడు. అమ్మకి మాట తడబడుతోందని, ఎడమ చెయ్యి లేవడం లేదని, అంబులెన్సుకి చెప్పానని, అమ్మ తననే అడుగుతోందని, వెంటనే రమ్మని. తను ఉన్న చీరతోనే కారు తీసింది. ఎండ మండిపోతోంది. మల్లాపూర్ దగ్గర రోడ్డు తవ్వి ఉంది, అక్కడ చాలాసేపు పట్టింది. కుషాయిగూడ దాటుతుండగా బండి ఆగిపోయింది.

అమ్మకి బాగాలేదని, వెళ్తుంటే కారు ఆగిపోయిందని నాకు ఫోన్ చేసింది. బల్ల మీద ఒక గేజీ విప్పి ఉంది, ఒక చేత్తో దాన్ని పట్టుకునే మాట్లాడాను. కంగారుపడకు, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా క్లచ్ మొత్తం తొక్కి తిప్పు అన్నాను.

"కంగారు కాదండీ. ఇది అదే. మళ్ళీ అలాగే ఆగింది."

మరొక్కసారి ప్రయత్నించు అని చెప్పి పెట్టేశాను. నేను చెప్పాను కదా అని తను మరొక్కసారి కాదు, ఇంకో అయిదారు నిమిషాలు ఆ ఎండలో తాళం తిప్పుతూనే ఉందట. వెనక బళ్ళు హారన్లు కొడుతుంటే రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గరున్న ఇద్దరు మనుషులు వచ్చి కారుని పక్కకి నెట్టారు. ఆటో కోసం ఇంకొంతసేపు. తను వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటావిడ బయటికొచ్చి, అంబులెన్సు రావడమే ఆలస్యమైంది, ఇప్పుడే తీసుకుపోయారమ్మా, పది నిమిషాలు కూడా కాలేదు అని చెప్పింది.

ఆసుపత్రికి చేరేటప్పటికే మా అత్తగారికి స్పృహ పోయింది. తొమ్మిది రోజులు అలాగే ఉండి వెళ్ళిపోయారు. ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ ఐసీయూ బయట కుర్చీలో కూర్చుంది. కళ్ళు తెరుస్తారేమోనని, తెరిస్తే తను ఎదురుగా ఉండాలని.

పెద్దకర్మ నాడు బంధువులంతా దమ్మాయిగూడ ఇంట్లో ఉన్నారు. మా బావమరిది, తల్లి స్పృహలో ఉన్న ఆఖరి గంట గురించి అందరికీ చెబుతున్నాడు. చెడ్డవాడు కాదు, తల్లిని అంటిపెట్టుకుని చూసుకున్నవాడు. చెబుతూ చెబుతూ, "అక్క వచ్చిందా, అక్క వచ్చిందా అని మూడుసార్లు అడిగింది. వచ్చేస్తోందమ్మా అంటూనే ఉన్నాను" అన్నాడు. గదిలో అందరూ మా ఆవిడ వైపు చూశారు. తను మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉంది. ఎవరో పెద్దావిడ, అయ్యో ఏమైందమ్మా అంత ఆలస్యం అని అడిగింది.

తన తరఫున నేను జవాబు చెప్పాను. "కారు మధ్యలో ఆగిపోయిందట. తనకి డ్రైవింగు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. పైగా ఆ కంగారులో..." అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు తనని కాపాడుతున్నాననే అనుకున్నాను. తను నన్ను ఒక్కసారి చూసి, పళ్ళెం పక్కనున్న బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత కారు తాళం ముట్టలేదు. అక్కగారింటికి బస్సులో వెళ్ళింది. ఉప్పల్లో పని ఉంటే షేర్ ఆటో. నేను అడిగితే, ఎండలో నడపలేనంది. తల్లి పోయిన దిగులు అనుకున్నాను. నాతో అవసరమైనంత వరకు మాట్లాడేది. ఉప్పు సరిపోయిందా, రేపు టిఫిన్ పెట్టాలా, అంతవరకే.

మేలో ఒక గురువారం నేను సెలవు పెట్టి, ఎల్బీనగర్‌లో పని చూసుకుని కారులో ఇంటికి వస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. ఏసీ నడుస్తోంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల వరసలో, బళ్ళు అంగుళం అంగుళం కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఇంజను ఆగింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. పాటలు పెట్టుకుని ఉంటే తెలిసేది కూడా కాదు. క్లచ్ మొత్తం తొక్కాను. యాక్సిలరేటరు మీద కాలు పెట్టలేదు. తాళం తిప్పాను. స్టార్టరు గిర్రున తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ.

ట్రాఫిక్ హోంగార్డు వచ్చి నెట్టించాడు. స్తంభం నీడలో బండి పెట్టి కూర్చున్నాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పది నిమిషాలకి, నేను ఏమీ చేయకుండానే, తాళం తిప్పగానే బండి స్టార్టయింది.

నేను వెంటనే కదల్లేదు. ఇంజను నడుస్తోంది, చల్లగాలి మొహానికి కొడుతోంది. తను ఫిబ్రవరిలో అన్నం దగ్గర చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు జరిగిన క్రమంలోనే ఉంది. ఒక్క మాట అటూ ఇటూ లేదు. కుషాయిగూడలో ఎండలో ఆగిపోయిన ఈ కారులోంచి తను చేసిన ఫోను గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి చెప్పలేదు. ముందు బాగుచేయించి, అప్పుడు చెబుదామనుకున్నాను. బాగుచేయిస్తే నేరం కొంచెం చిన్నదవుతుందని లోపల ఆశ ఉండి ఉంటుంది.

నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడని మా పక్కింటాయన చెప్పాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకున్నాడు. బండి సంగతి చెబితే బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని నన్నే ప్రశ్నలు అడిగాడు. ఎంతసేపు నడిచినంక బందైతది? ఏసీ వేస్తేనా, వెయ్యకున్నానా? ఆగే ముందు గుంజుడు తక్కువైతదా, ఒక్కసారే పోతదా? వెనక సీటు కింద చప్పుడు ఏమన్నా ఇన్నరా?

అవన్నీ నేను గమనించలేదు, నాకు ఒక్కసారే ఆగింది అన్నాను.

"ఒక్కసారేనా? మరి ఇంతకుముందు ఆగలేదా?"

ఆగింది, మా ఆవిడ నడుపుతున్నప్పుడు, మూడు నాలుగు సార్లు అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గట్లయితే అక్కను తోల్కరాండ్రి సార్. బండి ఎవరి చేతిల ఆగిందో వాళ్ళకే తెలుస్తది. మీకు తెల్వది, నాకు తెల్వది. ఊకె పార్టులు మార్చుడు నాకు రాదు."

ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం గురించి ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం తను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. నేను వెనక నిలబడి, కారు నాకు ఉప్పల్లో ఆగిపోయింది అన్నాను. తను వెనక్కి తిరగలేదు. ఎప్పుడు అని అడిగింది. పోయిన గురువారం అన్నాను. ఎంతసేపటికి స్టార్టయింది అంది. పది నిమిషాలకి అన్నాను. తల ఊపింది. చేతిలో ఉన్న తువ్వాలు మడిచింది, ఇంకోటి తీసింది. కోపగించుకుంటుందనుకున్నాను. కోపగించుకుంటే నాకు తేలికగా ఉండేది. మెకానిక్ నిన్ను తీసుకురమ్మన్నాడు, నీతోనే మాట్లాడతానన్నాడు అని చెప్పినప్పుడు మాత్రం తిరిగి నా మొహంలోకి చూసింది.

"నాతోనా?" అంది.

మర్నాడు షెడ్డులో ఆయన మా ఆవిడకి స్టూలు వేసి, నన్ను అడిగిన ప్రశ్నలే అడిగాడు. తను ఆలోచించుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. నాలుగుసార్లూ మధ్యాహ్నమే. నాలుగుసార్లూ ఏసీ ఉంది. అరగంట దాటాక, ముప్పావుగంట లోపల. పొద్దున గానీ చీకటి పడ్డాక గానీ ఎప్పుడూ ఆగలేదు. పెట్రోలు ముల్లు ప్రతిసారీ ఎర్రగీత పక్కనే ఉంది. ఆగబోయే ముందు ఒకటి రెండు నిమిషాలు వెనక సీటు కింద నుంచి కందిరీగ తిరిగినట్టు సన్నటి చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఆగితే ఇంజను ఆగుతుంది. మామూలుగా తాళం సగం తిప్పగానే వెనక నుంచి 'జుయ్' మని చిన్న శబ్దం వస్తుంది కదా, ఆగిపోయాక తిప్పితే అది రాదు. పది నిమిషాల తర్వాత అది వచ్చిందంటే బండి స్టార్టవుతుందని అర్థం.

నేను పక్కన నిలబడి విన్నాను. పద్నాలుగేళ్ల ఆ బండిలో తాళం తిప్పితే వెనక నుంచి శబ్దం వస్తుందని నాకు తెలియదు.

మెకానిక్ మొత్తం విని, "సగం పని నువ్వే చేసినవ్ అక్కా" అన్నాడు. పెట్రోలు ట్యాంకు లోపల చిన్న మోటరు పంపు ఉంటుందని, అది పెట్రోలుని ఇంజనుకి తోస్తుందని, తాళం తిప్పగానే వచ్చే శబ్దం దానిదేనని తనకి చెప్పాడు. అయినా దాని మీదే నేరం మోపడానికి ఒప్పుకోలేదు. ఫ్యూజు చూశాడు. పంపుకి కరెంటు ఇచ్చే రిలే తీసి, తప్పు దానిదేమో తేలాలని, అలాంటిదే అయిన హారన్ రిలే తీసి అక్కడ పెట్టాడు. తర్వాత వెనక సీటు ఎత్తి, కింద ఉన్న మూత తీసి, పంపు వైర్లకి చిన్న బల్బు ఒకటి తగిలించాడు. ట్యాంకులో పెట్రోలు ఎప్పట్లాగే అడుగున ఉంది. బండిని ఎండలోకి నెట్టి, ఏసీ వేసి, ఇంజను నడుస్తూ వదిలేశాడు. అక్క చెప్పినట్టే ఆగాలి మరి, చూద్దాం అన్నాడు.

మేం ముగ్గురం షెడ్డు నీడలో కూర్చున్నాం. ఎదురుగా గోదాములోకి లారీ ఒకటి వెనక్కి వస్తోంది. నేను గడియారం చూస్తున్నాను. ఇరవై నిమిషాలు. ముప్పై. నా జీవితంలో ఏ పరీక్షలోనూ ఫలితం కోసం అలా ఎదురుచూడలేదు. ఆగాలని కోరుకున్నానో ఆగకూడదని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ముప్పై ఎనిమిదో నిమిషంలో తను తలెత్తి, "వస్తోంది" అంది. నాకేమీ వినపడలేదు. మెకానిక్ లేచి వెనక తలుపు దగ్గర చెవి పెట్టాడు. ఇంకొంతసేపటికి ఇంజను ఆగింది.

ఆయన నన్ను పిలిచి తాళం తిప్పమన్నాడు. సీటు కింద బల్బు వెలిగింది. పంపు నుంచి శబ్దం లేదు. కరెంటు వస్తోంది, మోటరు తిరగడం లేదు. మళ్ళీ తిప్పమని, అదే సమయంలో ట్యాంకు అడుగున చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. 'జుయ్' మంది. బండి స్టార్టయింది.

"పంపే. ఫికర్ లేదు, మారుస్త" అని, మా ఆవిడ వైపు తిరిగి, "నువ్వు చెప్పిందాంట్ల ఒక్కటి తప్పు లేదక్కా. నీ చేతిల ఏం తప్పు లేదు" అన్నాడు.

ఆ రెండో మాట ఆయన ఎందుకన్నాడో తెలియదు. మేం ఆయనకి ఏమీ చెప్పలేదు. తను కొంగుతో నోరు అదిమిపెట్టుకుని షెడ్డు బయటికి నడిచింది. నేను వెళ్ళబోతే ఆయన చెయ్యి అడ్డంపెట్టి, జర ఉండనీయండ్రి అన్నాడు.

పాత పంపు తీసి చూపించినప్పుడు దాని అడుగున జల్లెడ నల్లగా మడ్డి పట్టి ఉంది. పెద్ద రోగమేం కాదు, వేడికి కాలింది అన్నాడు. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఇంతేనా ఉంచేదని అడిగాడు. ఇంతే అన్నాను. అది నా సిద్ధాంతం. ట్యాంకు నిండా పోయించి ఆ బరువునంతా ఊరంతా మోసుకు తిరగడం తెలివితక్కువని, వెళ్ళే దూరానికి సరిపడా పోయించుకోవాలని నేనే తనకి నేర్పాను.

"పంపు పెట్రోల్ల మునిగి ఉండాలె సార్. గప్పుడే సల్లగుంటది. అడుగుకు ఉంచితే ఏమైతది? లోపల్లోపల మాడుతది. ఎన్నేండ్లు మాడిందో పాపం."

ఇంటికి వస్తున్నప్పుడు నేనే నడిపాను. నాచారం రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నన్ను క్షమించు అన్నాను. వేరే మాట వెతికాను గానీ దొరకలేదు.

"పంపు సంగతి నాకూ తెలీదు, మీకూ తెలీదు. దానికేం లేదు. ఆ రోజు ఫోన్ చేస్తే మీరు క్లచ్ గురించి అడిగారు. ఎక్కడున్నావు అని అడగలేదు" అంది.

నిజమే. అడిగి ఉంటే, కుషాయిగూడ అని చెప్పేది. అక్కడే వదిలేసి ఆటో ఎక్కు అని నేను చెప్పేవాణ్ణి. అయిదారు నిమిషాలు కలిసొచ్చేవి. ఆ అయిదారు నిమిషాలతో అంబులెన్సు అందేదా అన్నది ఎవరికీ తెలియదు. ఆ లెక్క నేను చాలాసార్లు వేశాను. ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు.

జూన్‌లో మాసికానికి మళ్ళీ దమ్మాయిగూడ వెళ్ళాం. ఈసారి జనం తక్కువ. అయినా పెద్దకర్మ నాడు ఆ గదిలో ఉన్నవాళ్ళు చాలామంది వచ్చారు. విస్తళ్ళు వేశారు. నేను కూర్చోకుండా నిలబడే, అందరికీ వినపడేలా ఒక మాట చెప్పాలన్నాను. ఆ రోజు మా ఆవిడ ఆలస్యం కావడానికి తన డ్రైవింగు కారణం కాదని, కారులో పంపు చెడిపోయిందని, ఆగిపోతోందని తను అప్పటికి మూడుసార్లు చెప్పినా నేను నమ్మలేదని, ఆ పంపు పాడు కావడానికి కూడా నా అలవాటే కారణమని, అది తెలియక ఇక్కడే నిలబడి నేను తన మీద తప్పు పెట్టానని చెప్పాను.

అందరూ తలలు దించుకుని విస్తళ్ళ వైపు చూశారు. మా బావమరిది చేతిలో కూర గిన్నె ఉంది. "కూర్చోండి బావగారూ" అన్నాడు మెల్లగా. గిన్నె కింద పెట్టి, మా ఆవిడ ఉన్న వంటింట్లోకి వెళ్ళాడు. అక్కాతమ్ముళ్ళు లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాలాసేపటికి బయటికొచ్చినప్పుడు ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజు తిరిగి వస్తూ, కారు మా వీధిలోకి తిరిగాక తను మాట్లాడింది. అక్కడ చెప్పడం మంచిదే అయింది అంది. తర్వాత, "వాళ్ళందరికీ చెప్పారు. అమ్మకెవరు చెబుతారు?" అంది.

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. నేను బండి ఆపి, ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తను కూడా దిగలేదు. మా వాచ్‌మన్ వచ్చి, గేటు తియ్యమంటారా అని అడిగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం తను చీర మార్చుకుని, బోడుప్పల్ అక్కయ్యగారింటికి వెళ్ళొస్తానంది. బస్సులోనా అని అడగబోయి ఊరుకున్నాను. గోడ మీంచి తాళం తీసుకుని మెట్లు దిగింది. నేను కిందికి వెళ్ళి గేటు తీసి పట్టుకున్నాను. తను సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, వెనక ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది. తర్వాత బండిని మెల్లగా వీధిలోకి తీసి, ఎడమ వైపు తిరిగి వెళ్ళిపోయింది.